చిన్నపిల్లలకు చిందు యక్షగానం చూపించడం ఎలా? రాత్రంతా వద్దు, ఒక్క గంట చాలు

సంక్రాంతి దగ్గర పడిందంటే తెలిసినవాళ్లు నన్ను అడిగేవి మూడే ప్రశ్నలు. "నాలుగేళ్ల పిల్లకు ఏం అర్థమవుతుంది?" "వేషాలు చూసి జడుసుకోదా?" "రాత్రంతా ఎవరు కూర్చుంటారు?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి అలసిపోయి ఇప్పుడు రాసి పెడుతున్నాను.

ముందు పొట్టి జవాబులు. మాటలు సగం కూడా అర్థం కావు, ఫర్వాలేదు. మీరు ముందే సిద్ధం చేయకపోతే తప్పకుండా జడుసుకుంటుంది. రాత్రంతా కూర్చోవాల్సిన పని లేదు.

ఇదంతా నేను తప్పు చేసి నేర్చుకున్నదే. మా పాపకు నాలుగేళ్లప్పుడు జనగామ వైపు ఒక ఊళ్లో ప్రహ్లాద ఆట ఉందంటే, ముందు వరుస దొరికిందని సంబరపడుతూ సౌండ్ బాక్స్ పక్కనే కూర్చోబెట్టాను. తెర వెనక నుంచి హిరణ్యకశిపుడు హూంకరించాడు. ఎవరో కాగడా మీద గుగ్గిలం పొడి చల్లారు. మంట భగ్గున లేచింది. మా పిల్ల పెట్టిన కేకకు హార్మోనియం ఆయన కూడా తలెత్తి చూశాడు. బండి మీద హన్మకొండ చేరేదాకా నా వీపుకు అతుక్కునే ఉంది, ఏడాదిపాటు "భాగోతం" అనే మాట ఎత్తితే చాలు, లేచి లోపలికి పోయేది. రెండోసారి కింద చెప్పిన పద్ధతిలో తీసుకెళ్లాను. ఇప్పుడు వద్దన్నా వస్తుంది.

కథంతా పాటలోనే నడిచే రంగస్థలాన్ని యూరప్‌లో ఒపెరా అంటారు. మన దగ్గర దానికి దగ్గరి చుట్టం యక్షగానం. దరువులు, ద్విపదలు, కందార్థాలు అనే పాటలూ పద్యాలూ, మధ్యలో వచనం. దాన్ని వీధిలో, ఆకాశం కింద ఆడి నిలబెట్టినవాళ్లు చిందు కళాకారులు. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది ఈ కళకే. సిద్ధాంతం ఇంతటితో సరి.

ఏ వయసుకు ఎంతసేపు

మూడు, నాలుగేళ్ల పిల్లలకు అరగంట. ఐదారేళ్ల వాళ్లకు గంట. ఏడెనిమిదేళ్ల వాళ్లు నిద్ర ఆపుకోగలిగితే రెండు గంటలు. ఇవి నేను చూసిన పిల్లల్ని బట్టి వేసిన లెక్కలు, మీ పిల్ల సంగతి మీకే బాగా తెలుసు. మూడేళ్ల లోపు పిల్లల్ని రాత్రి ఆటకు తీసుకెళ్లకండి. వాళ్లకు పగటిపూట జాతరలో ఒగ్గు డోలు దూరం నుంచి చూపిస్తే చాలు. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలు సంక్రాంతి నుంచి ఉగాది దాకా నడుస్తాయి, ఒగ్గు పూజారులు పట్నాలు (నేల మీద రంగుల ముగ్గులు) వేస్తూ కథ చెప్పడం అక్కడ పట్టపగలే కనిపిస్తుంది.

కావలసినవి

- మందపాటి చద్దరు ఒకటి, కింద పరచడానికి చాప ఒకటి. జనవరి రాత్రి అయితే మంకీ క్యాప్. నేల చలి కింది నుంచి ఎక్కుతుంది, స్వెటర్ ఒక్కటే సరిపోదు.
- శబ్దం తగ్గించడానికి పిల్లల చెవులకు పెట్టే ఇయర్ మఫ్స్. దూది పెడితే చాలనుకుంటారు, దూది పెద్దగా ఆపదు.
- దోమల క్రీమ్, నీళ్ల సీసా, చిన్న టార్చ్.
- తినడానికి సకినాలో మురుకులో. నాలుగేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, పుట్నాలు ఇవ్వొద్దు. చీకట్లో, నవ్వుతూ తింటుంటే గొంతుకు అడ్డం పడతాయి.
- మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ. అది పిల్ల జేబులో ఉండాలి, మీ బ్యాగులో కాదు.
- పది, ఇరవై రూపాయల నోట్లు కొన్ని. ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.

1. కథ ఎంచుకోండి, మూడు రాత్రులు చెప్పండి

ఆ రాత్రి ఏ ఆట ఆడుతున్నారో ముందే కనుక్కోండి. మేళం (ఆట ఆడే బృందం) పెద్దను అడిగితే చెబుతారు. మొదటిసారికి ప్రహ్లాద గానీ, రామాయణంలో హనుమంతుడు కనిపించే ఘట్టం గానీ మంచివి. సారంగధర, చిరుతొండ నంబి ఇప్పుడే వద్దు. ఒకదాంట్లో కొడుకు కాళ్లూ చేతులూ నరికిస్తారు, రెండోదాంట్లో తల్లిదండ్రులే కొడుకును వండుతారు. నాలుగేళ్ల పిల్ల పక్కన కూర్చుని వాటికి మీరేం సమాధానం చెబుతారు?

మొదటి రాత్రి కథ మీరు చెప్పండి. రెండో రాత్రి మధ్యమధ్యలో ఆగి "తర్వాత ఏమైంది?" అని అడగండి. మూడో రాత్రి పిల్ల మీకు చెప్పాలి. తప్పులు చెప్పినా దిద్దకండి. మా పాప కథలో ఏనుగు ప్రహ్లాదుణ్ణి తొక్కదు, ముద్దు పెట్టుకుని పోతుంది. ఉండనివ్వండి.

చివర ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పేయండి. సినిమాకు పోయేటప్పుడు కథ చెబితే మజా పోతుందంటాం. ఇక్కడ తిరగబడుతుంది. ఏం జరగబోతోందో తెలిసిన పిల్లకే ధైర్యం ఉంటుంది.

2. ఇంట్లో పాటగా మాట్లాడండి

పెద్దలు దాటవేసే మెట్టు ఇదే, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. పిల్లలకు వచ్చే మొదటి సందేహం "వాళ్లు మామూలుగా మాట్లాడకుండా ఎందుకు పాడుతున్నరు?" అని. దానికి వివరణ ఇవ్వొద్దు, ఆడించండి. ఒక సాయంత్రం అరగంటపాటు ఇంట్లో ఎవరూ మామూలుగా మాట్లాడకూడదని నియమం పెట్టండి. "బువ్వ తింటవా బిడ్డా" అని రాగం తీయండి. "నాకు వద్దు, నాకు వద్దు, కాకరకాయ కూర వద్దు" అని అటునుంచి రాగం వస్తుంది. నాయనమ్మ ఉంటే ఇంకా మంచిది, ఆమె రాగం ముందు మనమెవరం నిలబడలేం. కోపం వచ్చినప్పుడు గొంతు ఎత్తుగా, బుజ్జగించేటప్పుడు మెల్లగా పాడాలని పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టేస్తారు.

పక్కన ఒకరు స్టీలు పళ్లెం మీద గరిటెతో తాళం వేయాలి. కోపం వచ్చినప్పుడు తాళం కూడా పరుగెత్తాలి. ఆ రాత్రి మద్దెల వేగం పెరగ్గానే "ఇప్పుడేదో అయితది" అని పిల్ల తనే చెబుతుంది.

3. దుప్పటి తెర

చిందు ఆటలో పెద్ద వేషం ఒక్కసారిగా ప్రత్యక్షం కాదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. వెనక గజ్జెల చప్పుడు, తెర మీద నుంచి కిరీటం కొస, కింద పాదాలు, ఒక గర్జన. చాలాసేపు ఊరించి అప్పుడు తెర తీస్తారు. పెద్దలకు అదే మజా. చిన్నపిల్లకు అదే హడల్.

అందుకే ముందురోజు ఇంట్లో దుప్పటి తీసుకోండి. రెండు కొసలు ఇద్దరు పట్టుకోవాలి. వెనక తండ్రి నిలబడి కాళ్లు తపతప కొట్టాలి, దుప్పటి ఊపాలి, గర్జించాలి. తర్వాత తీయాలి. కనబడేది లుంగీ కట్టుకున్న నాన్నే. పిల్లలు పడీపడీ నవ్వుతారు. తర్వాత పిల్లను దుప్పటి వెనక నిలబెట్టండి, మీరు భయపడండి. కనీసం నాలుగైదుసార్లు. తెర వెనక ఉన్నది మనిషే అని చెబితే ఎక్కదు. తను వెనక నిలబడితే ఎక్కుతుంది.

4. రెండు గంటల ముందే చేరండి

ఆట తొమ్మిదికి అంటే మీరు ఏడింటికల్లా అక్కడ ఉండాలి. వేషం కట్టుకునే చోటు ఎక్కడో అడగండి. బడి వరండానో, ఎవరింటి అరుగో అయి ఉంటుంది. ముందు నమస్కారం పెట్టి, "మా పాపకు చూపించొచ్చా?" అని అడగండి. వద్దంటే వెనక్కి వచ్చేయండి, అది వాళ్ల పని వేళ.

సరే అంటే గుమ్మం దగ్గర ఓ పక్కన కూర్చోండి. బల్బు కింద ఒకాయన ఎడమచేత అద్దం పట్టుకుని, ముఖమంతా పసుపుపచ్చని అర్దళం పూసుకుంటుంటాడు. వేలితో కనుబొమ్మ దిద్దుతాడు, ఆగి చాయ్ గుటక వేస్తాడు, మళ్లీ దిద్దుతాడు. సగం మీసం పెట్టుకున్న రాజు "ఏం బిడ్డా, ఏం చదువుతున్నవ్?" అని అడుగుతాడు. గోడకు ఆనించి కిరీటం, భుజకీర్తులు ఉంటాయి. పొనికి కర్రతో చేసినవి, అద్దం బిళ్లలు అతికించినవి. చూడ్డానికి బండరాయంత బరువు అనిపిస్తాయి, పట్టుకుంటే తేలిక. కానీ వాళ్లు ఇస్తేనే పట్టుకోవాలి, పిల్ల చేతికి మీరు అందివ్వకండి.

మా పాప రెండోసారి అడిగిన ప్రశ్న ఇక్కడిదే: "బాపూ, ఈ తాత ప్రహ్లాదుణ్ణి నిజంగనే కొడతడా?" ఆయన విన్నాడు. "కొట్టను బిడ్డా, ఉత్తగనే. వాడు నా మనుమడే" అన్నాడు. ఆ రాత్రి తెర తీసినప్పుడు పిల్ల అరవలేదు. "తాత వచ్చిండు" అంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. సగం వేషంలో ఉన్నవాళ్లను అడక్కుండా ఫొటో తీయొద్దు. ఈ కళాకారుల కులాన్ని పట్టుకుని చులకనగా మాట్లాడే పెద్దమనుషులు ఊళ్లలో ఇంకా ఉన్నారు. పిల్ల ముందు అలాంటి మాట పడితే అక్కడే, పిల్లకు వినబడేలా, ఖండించండి.

5. ఎక్కడ కూర్చోవాలి

ముందు వరుస వద్దు. మధ్య కూడా వద్దు, లేచి పోవాలంటే పదిమందిని తొక్కాలి. పక్కన, నాలుగైదు వరుసల వెనక, వాయించేవాళ్లు కనబడే వైపు కూర్చోండి. కథ విసుగొచ్చినప్పుడు పిల్ల మద్దెల మీది వేళ్లను చూస్తుంది, హార్మోనియం తిత్తి ఊగడం చూస్తుంది. అదీ ఆటలో భాగమే.

సౌండ్ బాక్స్‌కు ఎంత దూరమైతే అంత మంచిది. ఆరుబయట దూరం రెండింతలైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి చూడండి. అది ఉజ్జాయింపుగా చెప్పేదే, అయినా 85 దాటి అక్కడే నిలబడి ఉంటే చాప ఎత్తి వెనక్కి జరగండి. పక్క మనిషికి మీ మాట వినిపించడానికి అరవాల్సి వస్తోందంటే యాప్ కూడా అక్కర్లేదు.

ఆట మధ్యలో ఎవరైనా డబ్బులు ఇస్తే ఇచ్చినవాళ్ల పేరు పాటలో కలిపి చదువుతారు. మీరు తెచ్చిన నోటు పిల్ల చేత ఇప్పించండి, పేరు కూడా పిల్లదే చెప్పండి. తన పేరు మైకులో, రాగంలో వినబడితే ఆ పిల్ల ముఖం చూడాలి.

6. ఆట నడుస్తుంటే

నోరు మూసుకోండి. మర్యాదగా చెప్పే మార్గం దొరకలేదు. ప్రతి పద్యానికీ చెవిలో అర్థం చెప్పే తల్లిదండ్రుల పక్కన నేను చాలాసార్లు కూర్చున్నాను. పిల్ల వేదిక వైపు చూడదు, అమ్మ నోటి వైపు చూస్తుంది. పిల్ల అడిగితేనే, ఒక్క వాక్యంలో చెప్పండి.

భయపడితే? "భయమెందుకు, ఏం కాదు" అనొద్దు, దానికి అయిపోయింది కాబట్టే ఏడుస్తోంది. ఒళ్లోకి తీసుకుని ముఖం మీ వైపు తిప్పుకోండి, మఫ్స్ పెట్టండి, "దుప్పటి ఆట గుర్తుందా?" అనండి. రెండు నిమిషాల్లో తగ్గకపోతే లేచి వెలుతురు ఉన్న చోటుకు వెళ్లండి. చాలామంది పిల్లలు అక్కడి నుంచి తొంగి చూస్తూ తామే వెనక్కి లాక్కొస్తారు. రాకపోతే ఇంటికి. బలవంతంగా కూర్చోబెడితే నాకైనట్టే ఏడాది పోతుంది.

నిద్రపోతే పోనివ్వండి. ఒళ్లో నిద్రపోతూ విన్న మద్దెల కూడా లెక్కలోకి వస్తుంది.

7. మంచి ఊపులో ఉండగానే లేవండి

ఎప్పుడు లేవాలో ఇంట్లోనే నిర్ణయించుకోండి. చాలా ఆటల్లో బుడ్డర్‌ఖాన్ అనే హాస్య పాత్ర వస్తుంది. వంకర నడక, తెలుగూ ఉర్దూ కలిపిన మాటలు, ఎవరినీ వదలని వెటకారం. పిల్లలు విరగబడి నవ్వేది అక్కడే. అతను లోపలికి పోగానే మీరూ బయల్దేరండి. ప్రహ్లాద అయితే నరసింహుడు వచ్చేది చివర్లో, అప్పటికి మీ పిల్ల ఇంట్లో గాఢనిద్రలో ఉండాలి. "ఇంకాసేపు బాపూ" అని ఏడిస్తే సంతోషించండి, అయినా లేవండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ఒకటి, "ఇది మన సంస్కృతి, బుద్ధిగా కూర్చో" అనడం. ఆ మాటతో ఆట కాస్తా హోంవర్క్ అయిపోతుంది.

రెండోది ఇంకా పెద్దది. మర్నాడు అన్నం తినకపోతే "హిరణ్యకశిపుణ్ణి పిలుస్తా" అని బెదిరించడం. ఒక్కసారి అన్నారంటే మీరు పడ్డ కష్టమంతా గంగలో కలిసినట్టే.

పిల్లను ఎత్తుకెళ్లి వేషం ఒళ్లో కూర్చోబెట్టి ఫొటో తీయడం, ఆటంతా ఫోన్ అడ్డం పెట్టి రికార్డు చేయడం, అపార్ట్‌మెంట్ పిల్లలు పదిమందిని ఒక్క కారులో కుక్కి తీసుకురావడం కూడా ఈ కోవలోవే. ఒక పెద్దకు ఇద్దరు పిల్లలు మించొద్దు.

పని జరిగిందా లేదా ఎలా తెలుస్తుంది

మర్నాడు "నీకేం నచ్చింది? ప్రహ్లాదుడి తండ్రి పేరేంటి?" అని పరీక్ష పెట్టకండి. మూడు రోజులు ఊరికే గమనించండి. దుప్పటి తీసి తమ్ముడి చేతిలో ఒక కొస పెట్టిందా? స్నానం చేస్తూ ఏదో రాగం తీస్తోందా? అట్టముక్కతో కిరీటం కావాలందా? ఒక్కటి కనబడినా చాలు. ఏదీ కనబడకపోతే కంగారు పడొద్దు, మా అన్న కొడుకు నెల తర్వాత ఒక రోజు బడిలో బుడ్డర్‌ఖాన్ నడక నడిచి చూపించాడు.

రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే రెండు మూడు రోజులు దుప్పటి ఆట మళ్లీ ఆడండి, వేషం కట్టుకున్న తాత చాయ్ తాగిన సంగతి గుర్తు చేయండి. చెవిలో గుయ్‌మంటోందని మర్నాడు కూడా చెబితే చెవి డాక్టరుకు చూపించండి, వచ్చేసారి ఇంకా వెనక కూర్చోండి.

అసలు ఒపెరా చూపించొచ్చా?

ఇదీ అడుగుతుంటారు. చూపించొచ్చు, యక్షగానం చూసిన పిల్లకు అది కొత్త కాదు. డాబా మీద తెల్లదుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, పక్కింటివాళ్లను పిలవండి. మొజార్ట్ స్వరపరిచిన "ది మ్యాజిక్ ఫ్లూట్" అనే ఒపెరాను 1791లో వియన్నాలో మొదటిసారి ఆడారు. అందులో ఈకల వేషం వేసుకుని పిట్టలు పట్టే పాపగేనో ఉంటాడు. తన చిన్న పిల్లనగ్రోవి మీద ఐదు స్వరాలు ఊదుతాడు, పిల్లలు వెంటనే ఈల వేసి పట్టుకుంటారు. మన బుడ్డర్‌ఖాన్‌కు వరస కలిసేవాడే. అతని పాటలు రెండు, రాత్రి రాణి అనే పాత్ర కోపంతో పాడే మూడు నిమిషాల పాట ఒకటి. మొదటి రోజుకు అంతే. మొత్తం చూపిస్తే రెండున్నర గంటలు పడుతుంది, పెద్దలకే కష్టం. భాష జర్మన్ అని బెంగ వద్దు, కందార్థాలు మాత్రం పిల్లలకు మాట మాట అర్థమయ్యాయా?

మీ దగ్గర ఆటే లేకపోతే

కాలనీలో పది, పదిహేను ఇళ్లవాళ్లు కలిసి మేళాన్ని పిలిపించుకోవడం అన్నిటికంటే మంచి దారి. పిల్లల కోసమని, గంటన్నర చాలని ముందే చెప్పండి, కథను వాళ్లు చక్కగా కుదిస్తారు. గంటన్నరే కదా అని డబ్బులు తగ్గించమని బేరం ఆడొద్దు. వేషానికి పట్టే టైమ్ అంతే, ప్రయాణం అంతే. ఎంత ఇస్తారో, రానుపోను ఖర్చు ఎవరిదో, భోజనం ఎప్పుడో ముందే తేల్చుకోండి. సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టండి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. మైకు పెట్టేట్టయితే పోలీస్ స్టేషన్‌లో ముందే పర్మిషన్ తీసుకోండి. యాభైమంది లోపు ఉంటే మైకు లేకుండానే ఆడమనండి, ఆ గొంతులకు మైకు అవసరం లేదు.

వేషం కట్టుకోవడానికి తలుపు, లైటు, పెద్ద అద్దం ఉన్న గది ఒకటి ఇవ్వండి. ఆట అయ్యాక రంగు తీసుకోవడానికి కొబ్బరినూనె సీసా, పాత గుడ్డలు, రెండు బకెట్ల వేడినీళ్లు సిద్ధంగా ఉంచండి. పిలిచినవాళ్లలో చాలామంది దండలు, శాలువాలు గుర్తుపెట్టుకుంటారు, వేడినీళ్లు మరిచిపోతారు.